మా నాయన హార్మోనియం వెనక జుర్రుమనే శబ్దం: సోలార్‌కు ఇన్వర్టర్ వెతికిన కథ

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే సీలింగ్ ఫ్యాను గొంతు మారుతుంది, గమనించారా? అప్పటిదాకా మెత్తగా తిరుగుతున్నది ఒక్కసారిగా గుర్ర్‌మని అందుకుంటుంది. మన ఇళ్ళలో ఆ శబ్దం ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని బట్టే "కరెంటు పోయినట్టుంది" అనుకుని మన పని మనం చూసుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అట్లాగే వదిలేశాను. అదే శబ్దం మా నాయన క్యాసెట్లలోకి దూరిన రోజు మాత్రం వదల్లేకపోయాను.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. మా నాయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. రాత్రంతా నాటకం, తెల్లారి బస్సు, మళ్ళీ ఇంకో ఊరు. అప్పట్లో ఎవరో ఒకరు స్టేజీ కింద టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసేవాళ్ళు, ఆ క్యాసెట్లు నాయనకు తెచ్చి ఇచ్చేవాళ్ళు. అట్లా చేరినవి 140కి పైగా ఉన్నాయి మా ఇంట్లో, ఒక రేకు పెట్టెలో. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. పాత టేపు కాబట్టి తిప్పిన ప్రతిసారీ ఇంత అరుగుతుంది, కొన్నిటికైతే పైపూత రాలి, క్యాసెట్టు వాయించే డెక్కులో టేపు రాసుకునే హెడ్డు మీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. అంటే ఒక్కసారికే సరిగ్గా రావాలి.

మొదటి క్యాసెట్టు ఎక్కిస్తున్నప్పుడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంటి ఇన్వర్టర్ అందుకుంది, డెక్కు ఆగలేదు, నేను కంగారు పడలేదు. సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే సరిగ్గా కరెంటు పోయిన క్షణం నుంచి హార్మోనియం కింద జుర్ర్‌మని ఒక తేనెటీగల గుంపు. రాగం తీసేటప్పుడు, మధ్యలో ఆగేటప్పుడు, అంతా అదే. సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దామని రెండు రాత్రులు కూర్చున్నాను, శబ్దంతో పాటు హార్మోనియం కూడా పోతోంది.

ఎందుకు పోతోందో తర్వాత అర్థమైంది, ఇన్వర్టర్ ఎంచుకోవడంలో అసలు కీలకం అక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మనకు లైన్లో వచ్చే కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 అలలు, ఆ అల నున్నగా లేచి నున్నగా దిగుతుంది. దాని వల్ల గుయ్యిమనే హమ్ వచ్చినా 50 దగ్గరో, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ దాటాక 100 దగ్గరో ఒకటి రెండు చోట్ల వస్తుంది, ఆ చోటును మాత్రం సన్నగా కోసేస్తే సరిపోతుంది. చవక ఇన్వర్టర్లు ఇచ్చేది స్క్వేర్ వేవ్. అంటే గోడలా నిటారుగా లేచి, కాసేపు అక్కడే నిలబడి, నిటారుగా పడిపోతుంది. అట్లాంటి అలలో 50 ఒక్కటే ఉండదు. 150, 250, 350, 450... ఇట్లా బేసి లెక్కన పైదాకా మెట్లు మెట్లుగా పోతూనే ఉంటాయి. ఇప్పుడు హార్మోనియం, మనిషి గొంతు ఎక్కడుంటాయి? సరిగ్గా ఆ మెట్ల మీదనే. అందుకే శబ్దాన్ని కోస్తే పాట కూడా తెగుతుంది.

ఇంకో నష్టం ఉంది, ఇది చాలామందికి తెలియదు. యాంప్లిఫయర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్లు ఉంటాయి కదా, ఆ కెపాసిటర్లు అల శిఖరం దాకా నిండుతాయి. 230 వోల్టుల మామూలు కరెంటుకు శిఖరం దాదాపు 325. పక్కా స్క్వేర్ వేవ్‌కు శిఖరమంటూ వేరే ఉండదు, 230 అంటే 230 దగ్గరే బల్లపరుపుగా ఉంటుంది. నా యాంప్లిఫయర్ మూత తీసి చూస్తే మామూలు కరెంటు మీద 42 వోల్టులు ఉండాల్సిన చోట ఇన్వర్టర్ మీద 30 ఉంది. వోల్టేజీ అంత పడిందంటే యాంప్లిఫయర్ ఇవ్వగల పవర్ సగానికి సగం పోయినట్టే. కొంచెం వాల్యూమ్ పెంచితే చాలు, గొంతు చీరుకుపోయేది. స్పీకర్లు పాతబడ్డాయని వాటిని మార్చబోయాను కూడా.

అప్పుడే అనుకున్నాను, ఎట్లాగూ ఇన్వర్టర్ మార్చాలి, మా ఊళ్ళో ఎండకేమన్నా కరువా, సోలార్‌కే పోదాం అని. ఒక గది, ఒక డెక్కు, దానికి ఎండ చాలదా?

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలి. ఆయన హైదరాబాదులో మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాడు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల సబ్సిడీ వచ్చింది, బిల్లు బాగా తగ్గింది, మనిషి సంతోషంగా ఉన్నాడు. ఒకరోజు ఫోన్ చేసి "ఏం బామ్మర్దీ, నెత్తి మీద ఎండ మండిపోతోంది, మా వీధిలో కరెంటు పోయింది, మా ఇంట్లో కూడా ఏమీ వెలగడం లేదు, మోసపోయానా?" అన్నాడు. మోసమేమీ కాదు. లైను కరెంటుతో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ పద్ధతే అంత. లైన్లో కరెంటు లేకపోతే అదీ ఆగిపోవాలి. లేకపోతే మన మేడ మీది కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. బిల్లు తగ్గించుకోవడానికి ఆన్‌గ్రిడ్ మంచిదే. కరెంటు పోయినా పాట ఆగకూడదంటే మాత్రం బ్యాటరీ ఉన్నది, లైనుతో పని లేని ఆఫ్‌గ్రిడ్ కానీ రెండు పనులూ చేసే హైబ్రిడ్ కానీ తీసుకోవాలి. సబ్సిడీ వస్తుందని ఒకటి కొని, దాన్నుంచి ఇంకోటి ఆశిస్తే మా బావలా ఫోన్ చెయ్యాల్సి వస్తుంది.

ఎంత పెద్దది కావాలి? షాపుకు పోతే ముందు అడిగేది "ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు సార్?" అనే. నాకు ఫ్యాన్లూ లైట్లూ కాదు. ఆన్‌లైన్లో ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్ మీటర్ దొరుకుతుంది, అది కొని ఒక్కొక్కటీ కొలిచాను. డెక్కు 14 వాట్లు, ఆడియో మిక్సర్ 18, ల్యాప్‌టాప్ చార్జర్ 45, యాంప్లిఫయర్ మామూలుగా వినే వాల్యూమ్‌లో 48. అంతా కలిపి 125. యాంప్లిఫయర్ వెనక 300 వాట్లని రాసి ఉంటుంది, దాన్ని చూసి చాలామంది బెదిరి రెండింతల ఇన్వర్టర్ కొంటారు. ఇంట్లో వినే పాటకు స్పీకర్‌లోకి నిజంగా పోయేది ఒకటి రెండు వాట్లే, మిగతాదంతా యాంప్లిఫయర్ వేడెక్కడానికి తినేది. స్టేజీ యాంప్లిఫయర్లకైనా లెక్క వేరే ఏమీ కాదు, పాటలో ఎత్తులూ పల్లాలూ ఉంటాయి కాబట్టి పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు సగటున వాడుతుందని కంపెనీలే లెక్క కడతాయి. రెండు వైపులా చెరి 500 వాట్లున్న యాంప్లిఫయర్ సగటున 125 వాట్లు బయటికి ఇస్తుంది, దానికోసం 250, 300 వాట్లు లోపలికి తీసుకుంటుంది.

సగటు తక్కువైనా ఆన్ చేసిన క్షణం వేరు. లోపల గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్ స్విచ్ వెయ్యగానే ఒక్క క్షణం పదింతలకు పైగా గుంజుతుంది. ఇన్వర్టర్ చిన్నదైతే అప్పుడే ట్రిప్ అవుతుంది. ఇక్కడే రెండు జాతుల తేడా బయటపడుతుంది. ఒకటి లోపల బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, ఎత్తితే నడుము పట్టేస్తుంది, ఇట్లాంటి కుదుపులను తట్టుకుంటుంది. ఇంకోటి తేలిగ్గా, సన్నగా, అందంగా ఉండేది, లోపలంతా హైఫ్రీక్వెన్సీ పద్ధతి. తేలికవి చెడ్డవని నేననను, కానీ యాంప్లిఫయర్ నడపడానికి నా ఓటు బరువైనదానికే. ఇంకోటి, ఏది కొన్నా స్విచ్చులు వేసే వరుస పాటించాలి. ముందు డెక్కు, తర్వాత మిక్సర్, అన్నిటికన్నా చివర యాంప్లిఫయర్. ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు.

ఇక అల సంగతి. డబ్బా మీద "సైన్ వేవ్" అని ఉంటే చాలదు. "ప్యూర్ సైన్ వేవ్" అని ఉండాలి, "మోడిఫైడ్", "స్టెప్డ్" లాంటి ముందుమాటలు ఏమున్నా అది మెట్ల అలే. ఆ పక్కన టీహెచ్‌డీ అని, అల ఎంత వంకర పోయిందో చెప్పే అంకె ఉంటుంది, 3 శాతం లోపుంటే మంచిది. కానీ ఆ అంకె సాధారణంగా బల్బు లాంటి సాదా లోడు మీద కొలిచింది. యాంప్లిఫయర్ బల్బులా సమానంగా తాగదు, ప్రతి అల శిఖరం దగ్గర మాత్రమే గుటుక్కున మింగుతుంది, దాంతో మంచి ఇన్వర్టర్ అల కూడా నెత్తి మీద కొంచెం చదునవుతుంది. అందుకే నా మాట ఒకటే, ఇన్వర్టర్‌ను చదివి కొనొద్దు, విని కొనండి.

నేను అనంతపురంలో ఒక షాపుకు చిన్న యాంప్లిఫయర్, హెడ్‌ఫోన్స్ సంచిలో వేసుకుని పోయాను. షాపాయన ముందు మీటర్ పెట్టి చూపించాడు, "చూడు సార్, కరెక్టుగా 230 ఉంది." ఆ మామూలు మీటర్ నున్నటి అలకు లెక్క కట్టి చెప్పేది, స్క్వేర్ వేవ్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది. అది 230 చూపిస్తే నిజంగా ఉండేది 207 చిల్లర. అల ఎట్లా ఉన్నా అసలు వోల్టేజీ కొలిచే, ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉన్న మీటర్ అయితేనే నమ్మాలి. "మీటర్ వద్దులే అన్నా, నేను వింటాను" అన్నాను. ఆయన నవ్వలేదు, పాపం ఓపిగ్గా మూడు ఇన్వర్టర్లు దించి, ఒక్కొక్కదానికి బ్యాటరీ తగిలించాడు.

వినే పద్ధతి ఇది. పాట పెట్టొద్దు. యాంప్లిఫయర్‌కు ఏదీ తగిలించకుండా వాల్యూమ్ బాగా పెంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. సన్నగా స్స్ అని వినిపిస్తే అది యాంప్లిఫయర్ సొంత శబ్దం, దానితో ఇబ్బంది లేదు. జుర్ర్ అని వినిపిస్తే ఇన్వర్టర్‌ది. తర్వాత పక్కన 200 వాట్ల బల్బు వెయ్యమనండి, మళ్ళీ వినండి. ఒక ఫ్యాను వెయ్యమనండి, మళ్ళీ. మొదటిది బల్బు దాకా బాగుంది, ఫ్యాను వెయ్యగానే చెవిలో ఈల మొదలైంది. రెండోది దేనికీ చలించలేదు. మూడోది కూడా శుభ్రంగానే ఉంది కానీ దాని కూలింగ్ ఫ్యాను లోడు ఉన్నా లేకపోయినా తిరుగుతూనే ఉంది, మైకు పెట్టి రికార్డు చేసే గదికి పక్కన అది పనికిరాదు. రెండోది తీసుకున్నాను. 12 వోల్టుల బ్యాటరీది, 1 కేవీఏ సైజు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, లోపలే ఎంపీపీటీ అనే సోలార్ చార్జర్. డబ్బా ఎత్తి ఆటోలో పెట్టడానికి ఇద్దరం పట్టాం.

ఎంపీపీటీ అన్నాను కదా, దాని గురించి ఒక ముక్క. పీడబ్ల్యూఎం అనే ఇంకో రకం చార్జర్ చవక, కానీ అది ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కట్టేసినట్టే పని చేస్తుంది. ఇప్పుడు దొరికే 335 వాట్ల ప్యానెల్ 38 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపు ఇస్తుంది. దాన్ని 13 వోల్టుల బ్యాటరీకి పీడబ్ల్యూఎంతో కడితే ఆంపియర్లు అవే ఉంటాయి, వోల్టులు 13కు పడిపోతాయి, 335లో 120 కూడా దక్కవు. ఎంపీపీటీ అయితే ఎక్కువ వోల్టులను ఎక్కువ ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. కొనేముందు ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే దేనికీ కట్టనప్పుడు ఉండే వోల్టేజీ చూసుకోండి, ఇట్లాంటి ప్యానెల్‌కు 46 దాకా ఉంటుంది, ఇన్వర్టర్ దాన్ని తట్టుకునేదై ఉండాలి. ఇంకో సంగతి, ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెల మిట్టమధ్యాహ్నం మా మిద్దె మీద ప్యానెల్ 65 డిగ్రీలకు తక్కువుండదు, అప్పుడు నూటికి 14, 15 పోతాయి. ఎండ ఎక్కువ కదా కరెంటూ ఎక్కువ వస్తుందనుకుంటాం కానీ దానికి కావలసింది వెలుతురు, వేడి కాదు.

బ్యాటరీ 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) ట్యూబులర్ తీసుకున్నాను, సోలార్‌ది, అంటే సీ10 లెక్కన, 10 గంటల్లో తాగితే వచ్చేది రాసింది. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీల మీది 150 సీ20 లెక్క, 20 గంటల్లో నిదానంగా తాగితే వచ్చేది. 12 ఇంటూ 150 అంటే 1800, అందులో సగమే వాడుకుంటే బ్యాటరీ ఏళ్ళ తరబడి ఉంటుంది, ఇన్వర్టర్ తినేది పోను 750 చిల్లర మిగులుతుంది, నా 125 వాట్లకు 6 గంటలు నిశ్చింత. లిథియం బ్యాటరీ అయితే ఇంకా లోతుగా వాడుకోవచ్చు, నీళ్ళు పొయ్యడం ఉండదు, నాకు అప్పుడు డబ్బులు సరిపోలేదు. ఒక్క విషయం ఎవరూ చెప్పరు, ఇన్వర్టర్ ఏ లోడూ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా తింటుంది. నాది 18 వాట్లు. రోజంతా వదిలేస్తే 430 వాట్ అవర్లు, అంటే రెండు క్యాసెట్లకు పైగా ఎక్కించే కరెంటు గాల్లో పోయినట్టు. రాత్రి ఆపేస్తాను.

అంతా బిగించాం. బ్యాటరీ, ఇన్వర్టర్ వరండాలో. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వైరు మూరెడు, లావుపాటిది. 12 వోల్టుల దగ్గర నిండు లోడు మీద 80, 90 ఆంపియర్లు పారతాయి కాబట్టి అక్కడ పొడవు పనికిరాదు. అక్కడినుంచి గదికి 230 వోల్టుల వైరు ఎంత పొడవైనా ఫర్వాలేదు. డెక్కు ఆన్ చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

జుర్ర్ లేదు. కానీ చాలా సన్నగా, దోమ ఈల వేసినట్టు ఇంకేదో ఉంది.

నిజం చెప్తున్నా, ఆ రోజు చాలా టెన్షన్ పడ్డాను. డబ్బులు పోసి కొన్నాను, షాపులో శుభ్రంగా ఉంది, ఇంట్లో ఈల. ఒక్కొక్కటే పీకుతూ పోయాను. ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే సగం పోయింది. ఇది ఇన్వర్టర్ తప్పు కానే కాదు, ఎర్త్ లూప్. ల్యాప్‌టాప్ ఒక దారిన ఎర్త్‌కు కలుస్తుంది, మిక్సర్ ఇంకో దారిన కలుస్తుంది, రెంటినీ ఆడియో వైరు కలుపుతుంది, ఆ చుట్టులో చార్జర్ చెత్తంతా తిరుగుతుంది. రెంటినీ ఒకే బోర్డుకు పెట్టి, ఆడియో వైరు మధ్యలో 600 ఓమ్‌ల చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే వైర్లు నేరుగా కలవకుండా పాటను మాత్రం దాటించేది, వేస్తే పోయింది. కొందరు ఎర్త్ పిన్ను కోసేసి హమ్ పోగొడతారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు, యాంప్లిఫయర్ ఒళ్ళంతా ఇనుమే, ఏదైనా వైరు తగిలితే ముట్టుకున్నవాళ్ళు పోతారు.

అసలు ఎర్త్ కూడా చూసుకోవాల్సి వచ్చింది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 18 వోల్టులు. మా ఊరి ఎలక్ట్రీషియన్ చూసి "నీళ్ళు పోసి ఎన్నాళ్ళైందన్నా?" అన్నాడు. ఎర్త్ గుంత గట్టిపడి, రాయిలా ఎండిపోయింది. తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, రెండు బిందెలు పోశాం. 2 వోల్టులకు వచ్చింది. మా సీమలో ఎండాకాలం వారానికోసారి చెట్లకు పోసినట్టు ఎర్త్‌కూ ఒక బిందె పొయ్యాలి.

మిగిలిన సగం ఈల మాత్రం మూడు రోజులు దొరకలేదు. మూడో రోజు మధ్యాహ్నం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంటే అది దానంతటదే తగ్గింది, ఒక నిమిషం తర్వాత మళ్ళీ పెరిగింది. కిటికీలోంచి చూశాను. మబ్బు దాటిపోతోంది. మళ్ళీ ఒక మబ్బు తునక వచ్చింది, నీడ మిద్దె మీద పడింది, చెవిలో ఈల సన్నబడింది. ఎండ వచ్చింది, ఈల లేచింది. ఆకాశం చూడకుండానే మబ్బు ఎప్పుడొస్తోందో చెప్పగలిగాను. ఎంపీపీటీ చార్జర్ లోపల వేగంగా స్విచ్చింగ్ జరుగుతూ ఉంటుంది, ఎండ ఎక్కువైతే పారే కరెంటు ఎక్కువ, శబ్దమూ ఎక్కువ. మిద్దె మీది నుంచి వచ్చే ప్యానెల్ వైర్లు రెండూ విడివిడిగా, ఏరియల్ లాగా, నా ఆడియో వైర్ల పక్కనుంచే దిగుతున్నాయి. ప్లస్, మైనస్ రెంటినీ కలిపి మెలేసి, గోడకు అవతలి వైపు నుంచి దించాం, ఇట్లాంటి శబ్దాన్ని మింగే ఫెర్రైట్ క్లిప్పులు తగిలించాం, ప్యానెల్ ఫ్రేముకు ఎర్త్ ఇచ్చాం. చెవికి ఆనకుండా పోయింది. అయినా విలువైన క్యాసెట్టు ఎక్కించే గంటన్నర మాత్రం ప్యానెల్ వైరుకున్న ఎంసీబీ స్విచ్చు దించేసి వట్టి బ్యాటరీ మీద నడుపుతాను, ఆ గంటన్నరకు పోయే ఎండ ఎంతని. ఆ ఎంసీబీ డీసీది అయి ఉండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ డీసీ మీద దించితే లోపల మెరుపు ఆరకుండా మండుతుంది.

గ్రామఫోన్ రికార్డులు వాడే మిత్రులకు ఒక మాట. క్యాసెట్టు డెక్కులో సాధారణంగా ఉండేది డీసీ మోటారు, దానికి ఫ్రీక్వెన్సీతో పని లేదు. కానీ పాత టర్న్‌టేబుళ్ళు కొన్ని ఏసీ సింక్రనస్ మోటారు మీద తిరుగుతాయి, అవి హెర్ట్జ్‌ను బట్టే తిరుగుతాయి. ఇన్వర్టర్ 50 బదులు 51 ఇచ్చిందంటే వేగం 2 శాతం పెరుగుతుంది, శ్రుతి అరస్వరంలో మూడో వంతు పైకి పోతుంది. నాయన లాంటివాళ్ళకైతే రెండో అక్షరానికే తెలిసిపోతుంది.

ఇదంతా చూసి మా రామాలయం చెక్కభజన పిల్లోళ్ళు వచ్చారు. "అన్నా, మన గుడి మైక్ సెట్టుకూ ఇట్లాంటి ఇన్వర్టరే కొందామా?" అని. "ముందు ఆంప్లిఫయర్ వెనక చూడప్పా" అన్నాను. మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే ఆహుజా ఆంప్లిఫయర్లలో చాలావాటికి వెనక బ్యాటరీ తగిలించే టెర్మినళ్ళు ఉంటాయి, కొన్నింటికి 12 వోల్టులు, కొన్నింటికి 24, అక్కడే రాసి ఉంటుంది. కరెంటు లేని రోజుల్లో కారు బ్యాటరీ పెట్టుకుని జాతరల్లో నడిపింది వాటినే. అట్లాంటిదానికి ఇన్వర్టర్ ఎందుకు? 12 వోల్టులను 230 చేసి, మళ్ళీ ఆంప్లిఫయర్ లోపల దించి, రెండు చోట్లా కొంత కొంత పోగొట్టుకోవడం తప్ప. ఒక ప్యానెల్, ఒక చార్జ్ కంట్రోలర్, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు, అక్కడినుంచి నేరుగా ఆంప్లిఫయర్. అల లేదు, జుర్ర్ లేదు. గుడి ఆంప్లిఫయర్ వెనక టెర్మినళ్ళు ఉన్నాయి, కాకపోతే తుప్పు పట్టి ఉన్నాయి. గీకి, బిగించి ఇచ్చాను, శనివారం భజన మూడు గంటలు దాని మీదే నడిచింది. చిన్న సెట్టు ఏదైనా సరే, నేరుగా డీసీ మీద నడుస్తుందేమో ముందు చూసుకోండి, అక్కడ నడవకపోతేనే ఇన్వర్టర్ దాకా రండి.

పోయిన ఆదివారం ఆ మొదటి క్యాసెట్టును మళ్ళీ ఎక్కించాను. మధ్యాహ్నం సరిగ్గా అదే వేళకు కరెంటు పోయింది, వంటింట్లో అమ్మ "పోయింది" అంది, నా గదిలో దేనికీ తెలియలేదు. పద్యానికీ పద్యానికీ నడుమ నాయన ఆగే చోట, ఇంతకుముందు జుర్ర్ తప్ప ఏమీ లేని చోట, హార్మోనియం తిత్తి గాలి పీల్చుకోవడం, మెట్లు లేచేటప్పుడు చెక్క టక్కుటక్కుమనడం వినిపించాయి. ఇప్పటికి 37 అయ్యాయి. ఇంకా వందకు పైగా ఉన్నాయి, వానలు మొదలై మబ్బులు పట్టేలోపు సగమైనా ఎక్కించాలి.